బండి నిలిపే చోటు ఎవరిది?

కారు కొనదలచినవాడు ముందుగా దాని వెల ఎంతో విచారిస్తాడు. లీటరు పెట్రోలుకు ఎన్ని కిలోమీటర్లు నడుస్తుందో, బీమాకు సాలీనా ఎంత కట్టవలెనో అడుగుతాడు. అటువంటి కారు అప్పటికే ఉన్న స్నేహితుల వద్దకు పోయి దాని గుణదోషాలు తెలుసుకుంటాడు. ఇన్ని అడిగినవాడు అడగని ప్రశ్న ఒకటి ఉన్నది: ఇంటికి తెచ్చిన తరువాత దానిని ఎక్కడ నిలుపవలెను? అడగకపోవడానికి కారణం లేకపోలేదు. వీధి ఉన్నది కదా అని అతని ధీమా. వీధి అందరిదీ గనుక తనది కూడా అని అతని తర్కం. ఈ తర్కం ఒక్కరికి చెల్లుతుంది, పదిమందికి చెల్లుతుంది. పదివేల మందికి చెల్లదు. చెల్లని చోట నగరాలు ఏమి చేసినవి, చేసినదానివలన నగరాల రూపురేఖలే ఎట్లా మారినవి అన్నది ఈనాటి ప్రస్తావన.

కారు నడిచేందుకు పుట్టిన యంత్రమే అయినా తన ఆయుర్దాయంలో అధికభాగం నిలిచే గడుపుతుంది. లాస్ ఏంజలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో నగర ప్రణాళికా శాస్త్రాచార్యుడుగా పనిచేసి, 2025లో మరణించిన డొనాల్డ్ షూప్ ఈ విషయమై ఒక జీవితకాలం పరిశోధన చేసినాడు. సగటు కారు నూటికి 95 పాళ్లు కాలం కదలకుండా ఉంటుందని ఆయన లెక్క. అనగా ఇరవైనాలుగు గంటలలో అది నడిచేది గంటకు కొంచెం మించి మాత్రమే. పైగా దానికి ఒక్క చోటు చాలదు. రాత్రి ఇంటివద్ద ఒకటి, పగలు కచేరీవద్ద ఒకటి, సాయంకాలం బజారులో ఒకటి కావలెను. కారు ఒక చోట ఉన్నపుడు మిగిలినవి ఖాళీగా దాని రాకకు ఎదురుచూస్తుండవలెను.

ఒక్క కారు నిలుపుటకు ఎంత నేల కావలెను? ఢిల్లీ నగర బృహత్ ప్రణాళిక రాకపోకల దారితో సహా కట్టిన లెక్క చూడండి: ఆరుబయట 23 చదరపు మీటర్లు, భవనం క్రింది సెల్లారులో 32. ఈ 32 చదరపు మీటర్లు సుమారు 345 చదరపు అడుగులు. తెలంగాణలో పేద కుటుంబాల కొరకు 2015 తరువాత కట్టిన రెండు పడకగదుల ఇండ్ల వైశాల్యం 560 చదరపు అడుగులు. రెండు కార్లు సెల్లారులో నిలిపినచోట ఒక కుటుంబం కాపురముండగలదని, ఇంకా నూరు అడుగులకు పైగా మిగులుతుందని దీని తాత్పర్యం. నేను ఈ లెక్కను రెండుసార్లు సరిచూచుకొన్నాను.

బండి నిలిపే చోటుకు మొదట వెల కట్టిన నగరం అమెరికాలోని ఓక్లహోమా సిటీ. అక్కడ 1930 ప్రాంతంలో ఒక చిక్కు వచ్చిపడినది. ఊరి నడిబొడ్డున పనిచేసే గుమాస్తాలు, వర్తకులు ఉదయమే కార్లలో వచ్చి దుకాణాల ముందు నిలిపి సాయంకాలం వరకు తీసేవారు కాదు. కొనుగోలుకు వచ్చిన వారికి ఆగేందుకు చోటు దొరికేది కాదు. వర్తకులు మొరపెట్టుకొన్నారు. ఆ చిక్కు విప్పే పని కార్ల్ మెగీ అనే పత్రికా సంపాదకునికి అప్పగించినారు. ఇంతకుముందు న్యూ మెక్సికోలో సంపాదకుడుగా ఉండి, టీపాట్ డోమ్ అనే పేరుమోసిన చమురు కుంభకోణం బయటపెట్టడంలో పాలుపంచుకొన్నవాడు ఇతడే. ఆయన ఊహించిన మీటరు 1935 జూలై 16వ తేదీన వీధి ప్రక్కన నిలిచినది. ఐదు సెంట్ల నాణెం వేస్తే గంట కాలం ఆగవచ్చును. మీటరు పుట్టినది ఖజానా నింపుటకు కాదు, ఒకరు తీసిన చోట మరొకరు నిలుపుకొనుటకు వీలు కల్పించుటకు. తరువాతి కాలంలో నగరపాలకులు ఈ మాట మరచిపోయినారు.

మీటరుతోపాటు, దానికంటే నిశ్శబ్దంగా, మరొక పద్ధతి కూడా పెరిగినది. వీధి చాలనప్పుడు, కట్టడం కట్టేవాడే తన స్థలంలో ఇన్ని కార్లకు చోటు చూపవలెనని శాసించడం ఈ పద్ధతి. ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్ నగరం 1923లో బహుకుటుంబ భవనాలకు ఇట్టి నిబంధన పెట్టినది. కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో 1939లో ఆసుపత్రులకు, హోటళ్లకు విధించినది. రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన వెంటనే ఇది అంటువ్యాధి వలె వ్యాపించినది. 1946లో 76 నగరాలను విచారించగా నూటికి 17 నగరాలలోనే ఈ నిబంధన ఉన్నదట. ఐదేండ్లు గడిచేసరికి నూటికి 71 నగరాలు దీనిని విధించినవి, లేదా విధించే ప్రయత్నంలో ఉన్నవి.

వినుటకు ఇది ఎంతో న్యాయంగా ఉన్నది. భవనం వలన రద్దీ కలుగుతుంది గనుక భవనమే దానిని భరించవలెను. కాదనగలిగే వారెవరు? అయితే ఈ నిబంధన క్రింద నగరం ఎట్లా మారుతుందో తెలియవలెనంటే ఒక ఊహ చేయవలెను. మన హైదరాబాదు సుల్తాన్ బజారు తీసుకోండి. గోడకు గోడ ఆనుకొని దుకాణాలు. పదిగజాల దూరంలో పట్టుచీర, గాజులు, పుస్తకం, పలావు. అమెరికా పట్టణాలలో సామాన్యంగా కనబడే నిబంధన ప్రకారం వెయ్యి చదరపు అడుగుల దుకాణానికి నాలుగు కార్ల చోటు ఉండవలెను. ఒక్కొక్క కారుకు రాకపోకల దారితో కలిపి మూడువందల చదరపు అడుగులకు పైగా పడుతుంది. దుకాణం కంటె దాని ముందరి ఖాళీస్థలమే పెద్దదైనది! ఈ నిబంధన ఆనాడే ఉన్నట్లయితే ఆ బజారు పొడవు రెండింతలు దాటేది. గాజుల దుకాణం నుండి చీరల దుకాణానికి పోవలెనంటే ఎండలో తారు మైదానాలు దాటవలెను. నడిచేవారు తగ్గుతారు. ఒక్క ఆగుచోట దిగేవారు తగ్గితే బస్సుకు రాబడి పడిపోతుంది. బస్సు తగ్గితే కారు కొనక తప్పదు. కార్లు పెరిగితే చోటు చాలలేదని నిబంధన ఇంకా పెంచుతారు.

ఇంజనీర్ల లెక్కలలో కూడా ఇదే చక్రభ్రమణం ఉన్నది. ఫలానా తరహా కట్టడానికి ఎన్ని కార్ల చోటు కావలెనో తెలుసుకొనుటకు వారు ఎక్కడికి పోయి లెక్కించినారు? ఊరి వెలుపల, బస్సు రాని చోట, ఉచితంగా నిలుపుకొనే కట్టడాల వద్దకు; అదీ మిక్కిలి రద్దీగా ఉన్న వేళ. వచ్చిన అంకెను పట్టికలో చేర్చినారు. ఆ పట్టికను చూచి నగరాలు చట్టం చేసినవి. క్రిస్మస్ ముందరి వారాలలో ఏ కొద్ది గంటలో నిండే మైదానం మిగిలిన సంవత్సరమంతా సగం ఖాళీగా పడి ఉంటుంది. మన ఇండ్లలో పెండ్లికి వచ్చే బంధువులకు సరిపోవునట్లు ఏడాది పొడుగునా రోజూ వంట చేసినట్లున్నది ఈ వ్యవహారం.

ఇందులో నష్టపోయిన వారెవరో ఓక్లండ్ నగరపు అనుభవం చెబుతుంది. శాన్ ఫ్రాన్సిస్కోకు ఎదురుగా అఖాతం ఆవలి ఒడ్డున ఉన్న ఈ నగరం 1961లో అపార్టుమెంటు కట్టేవారు ఇంటికొక కారు చోటు తప్పక చూపవలెనని చట్టం చేసినది. చట్టానికి ముందు, చట్టం తరువాత కట్టిన భవనాలను ఒక పరిశోధకుడు పోల్చి చూడగా, ఒక్కొక్క ఇంటికి నిర్మాణ వ్యయం నూటికి 18 వంతులు పెరిగినది. ఒక ఎకరంలో లేచే ఇండ్ల సంఖ్య నూటికి 30 వంతులు తగ్గినది. నేల విలువ మూడింట ఒక వంతు పడిపోయినది. కారు లేని వృద్ధురాలు కూడా కారు చోటుకు అద్దె కడుతున్నది. అద్దె చీటీలో ఆ పద్దు వేరుగా కనబడదు గనుక ఆమెకు ఆ సంగతి తెలియదు.

వీధిలో మాత్రం వేరొక వింత. అక్కడ చోటు ఉచితంగానో, చవకగానో దొరుకుతుంది. దొరికేదాక తిరగవలెను. షూప్ తన విశ్వవిద్యాలయం ప్రక్కనే ఉన్న వెస్ట్‌వుడ్ అనే వర్తక కేంద్రంలో ఈ తిరుగుడును కొలిచినాడు. ఒక్కొక్కరు చోటు కొరకు సగటున మూడు నిమిషాల చిల్లర వెతికినారు, అరమైలు దూరం తిరిగినారు. ఇది అల్పమే. కాని పదిహేను వీధిభాగాలున్న ఆ చిన్న పేటలో ఒక్క ఏడాదిలో ఈ తిరుగుడు మొత్తం 9,50,000 మైళ్లు అయినది; భూగోళాన్ని 38 మార్లు చుట్టివచ్చినంత దూరం! ఈ కార్లు ఎక్కడికీ పోవడం లేదు. పోవలసిన చోటికి అవి అప్పటికే వచ్చినవి. మనం రద్దీ అని విసుగుకొనే దానిలో ఒక భాగం ఇట్టిది.

పార్కింగుకు, ప్రయాణానికి గల సంబంధాన్ని చూపే మరొక ఉదాహరణ ఉద్యోగులది. 1992లో కాలిఫోర్నియా ఒక చట్టం చేసినది. అద్దెకు తీసుకొన్న స్థలంలో ఉద్యోగులకు ఉచిత పార్కింగు ఇచ్చే కొన్ని సంస్థలు, ఆ చోటు వద్దన్న ఉద్యోగికి దానికయ్యే ఖర్చును రొక్కంగా చెల్లించవలెను. ఎవరి సౌకర్యమూ తీసివేయలేదు. కారులో వచ్చేవాడు వెనుకటి వలెనే రావచ్చును. ఎనిమిది సంస్థలను పరిశీలించగా, ఒంటరిగా కారులో వచ్చేవారు నూటికి 76 నుండి 63కు తగ్గినారు. బస్సులు పెరగలేదు, రోడ్లు మారలేదు. అంతవరకు కారు తెచ్చినవారికే దక్కిన బహుమతి అందరికీ దక్కినది, అంతే.

ఇక జపాను సంగతి. ఆ దేశం ఈ బరువును భవనం నెత్తిన కాక కారు యజమాని నెత్తిన పెట్టినది. 1962లో వచ్చిన గ్యారేజి చట్టం ప్రకారం కారు రిజిస్టరు చేయించవలెనంటే దానిని నిలుపుకొనుటకు తన నివాసానికి దగ్గరలో చోటున్నదని చూపి పోలీసు వారి నుండి ధ్రువపత్రం తెచ్చుకొనవలెను. మొదట ఆ దూరం అర కిలోమీటరు. తరువాత రెండు కిలోమీటర్లకు సడలించినారు. స్వంత చోటు లేనివాడు నెల అద్దెకు తీసుకొంటాడు. రాత్రివేళ వీధిని గ్యారేజిగా వాడుకొనుట నిషేధం. అదే సమయంలో, టోక్యోలో పార్కింగు చూపవలసిన బాధ్యత సుమారు పదిహేనువందల నుండి రెండువేల చదరపు మీటర్లు దాటిన పెద్ద భవనాలకే గాని చిన్న కట్టడాలకు లేదు. దీని ఫలం టోక్యో సందులలో కనిపిస్తుంది. అక్కడ నాలుగు గజాల వీధిలో ఫుట్‌పాత్ లేకపోయినా బడిపిల్లలు, సైకిళ్లు, ముసలివారు నిర్భయంగా సాగిపోతారు. వీధి ఇరుకైనదే, కాని ఖాళీగా ఉన్నది. మన వీధులు అనేకం దానికంటె వెడల్పు. నడిచేందుకు మిగిలినది మాత్రం దానికంటె తక్కువ.

మన సంగతికి వద్దాము. ఉభయ తెలుగు రాష్ట్రాలకు మూలమైన 2012 నాటి భవన నిర్మాణ నియమావళి కట్టుబడి వైశాల్యంలో ఇంత శాతం పార్కింగుకు విడువవలెనని, కట్టడపు తరహాను బట్టి నిర్ణయించినది. ఇది అమెరికా మార్గం. జపాను మార్గంలోని రెండవ సగం, అనగా చోటు చూపితేనే బండి రిజిస్ట్రేషను అన్నది, మనం తీసుకోలేదు. భవనం మీద భారం మోపినాము, బండి మీద మోపలేదు. అందుచేత సెల్లారులో చోటుండి కూడా బండ్లు వీధిలో ఉంటవి. సెల్లారులో సరుకుల గోదాములు, దుకాణాలు వెలుస్తవి. ఇది కేవలం నిబంధనల ఉల్లంఘన కాదు. 2022 సెప్టెంబరు 12వ తేదీ రాత్రి సికింద్రాబాదులో ఒక హోటలు భవనం సెల్లారులో నడుస్తున్న విద్యుత్ స్కూటర్ల దుకాణం నుండి మంటలు లేచినవి. పొగ పై అంతస్తులకు ఎగబ్రాకి ఎనిమిదిమంది బసదారులు మరణించినారు. కాగితం మీద అది బండ్లు నిలుపు స్థలం.

మన దేశపు 2006 నాటి జాతీయ నగర రవాణా విధానాన్ని చదివినప్పుడు నాకు ఒక సంగతి తోచినది. నగరాలలో నేల విలువైనది గనుక, ఆ విలువకు తగినట్లు పార్కింగుకు అధికమైన రుసుము వసూలు చేయవలెనని, తద్వారా బస్సు, రైలు ప్రయాణం ఆకర్షణీయం కావలెనని అందులో వ్రాసినారు. అదే చోట, పది లక్షలు మించిన నగరాలన్నిటిలో భవనాలు తమవారందరికీ చాలినంత పార్కింగు కల్పించునట్లు నియమాలు సవరించవలెనని కూడా వ్రాసినారు. మొదటిది చోటును పొదుపుగా వాడుమన్నది. రెండవది పుష్కలంగా పెంచుమన్నది. ఒకే పుటలో బ్రేకు, యాక్సిలరేటరు రెండూ త్రొక్కినారు.

2018లో తెలంగాణ ప్రభుత్వం మాల్సులో పార్కింగు రుసుముపై ఆంక్ష విధించినది. మొదటి అరగంటకు రుసుము లేదు. తరువాత కూడా కొనుగోలు బిల్లు చూపినవారికి వినాయింపు. ప్రజలు సంతోషించినారు. పార్కింగు చూపి భవనానికి అనుమతి పొందినవారు దానినే అమ్ముకొనడం అన్యాయమనే ఫిర్యాదులో బలం లేకపోలేదు. కాని సెల్లారు త్రవ్వకం, దీపాలు, కాపలా వీటి ఖర్చు ఆవిరైపోదు. అది చీర వెలలో చేరుతుంది. మెట్రో దిగి వచ్చినవారు, ఆటోలో వచ్చినవారు ఆ వెల కారువారితో సమానంగా కడతారు.

ఇంతకూ వెల ఎంత ఉండవలెను? ఈ ప్రశ్నకు విలియం విక్రీ అనే అర్థశాస్త్రవేత్త 1954లోనే సమాధానం సూచించినాడు. ప్రతి వీధిలోనూ ఎప్పుడూ ఒకటి రెండు చోట్లు ఖాళీగా మిగిలేంత వెల ఉంటే చాలును. అంతకంటె ఎక్కువ అక్కరలేదు. ఆనాడు దానిని అమలు పరచే యంత్రం లేదు. 1996లో విక్రీకి నోబెల్ బహుమతి ప్రకటించినారు. ప్రకటించిన మూడవనాడు ఆయన చనిపోయినాడు. 2011లో శాన్ ఫ్రాన్సిస్కో ఈ సూత్రాన్ని కొన్ని పేటలలో ప్రయోగించి చూచినది. వీధిని బట్టి, వేళను బట్టి కొద్దికొద్దిగా వెల మార్చినారు. చోటు నిండినచోట పెంచినారు, ఖాళీగా ఉన్నచోట తగ్గించినారు. కొన్ని వీధులలో గంటకు పావు డాలరుకు దిగినది. మొత్తం మీద సగటు వెల పెరగకపోగా కొంచెం తగ్గినది. వెల కట్టుట అంటే పిండుకొనుట అని భయపడేవారు ఈ సంగతి గమనించవలెను.

వెల పెడితే ధనికుడికే చోటు దక్కుతుంది, పేదవాని గతి ఏమి అన్న ప్రశ్న తప్పక వస్తుంది. ఇది నిజమైన ప్రశ్న; తేలికగా త్రోసివేయదగినది కాదు. అయితే మన నగరాలలో పేదవాడు ఏ బండి నిలుపుతున్నాడు? దేశంలో రిజిస్టరైన వాహనాలలో నాలుగింట మూడువంతులు ద్విచక్ర వాహనాలు. ఒక కారు ఆక్రమించే చోట నాలుగైదు స్కూటర్లు నిలుస్తవి గనుక ఆక్రమించిన నేలను బట్టి వెల కడితే స్కూటరువాని భాగం స్వల్పమే. అంతకంటె పేదవాడు బస్సు ఎక్కుతాడు, లేదా నడుస్తాడు. అతడు వాడుకొనేది ఫుట్‌పాత్. ఆ ఫుట్‌పాత్ పైననే నేడు ఉచితంగా బండ్లు నిలుస్తున్నవి. వికలాంగులకు, సరుకు దింపే ట్రాలీ ఆటోలకు ప్రత్యేకంగా చోటు కేటాయించుట వేరే విషయం. అది వెలతో తేలేది కాదు, నియమంతో తేలవలసినదే.

నేను మా కేంద్రానికి బస్సులో వస్తాను. క్రిందటేడు మా అమ్మగారిని కంటి వైద్యునికి చూపించుటకు తీసుకొనిపోయినాను. బస్సు దిగిన చోటు నుండి అక్కడికి రెండువందల గజాలుంటుంది. కాలిబాట ఉన్నది, రాళ్లు కూడా చక్కగా పరచినారు. దానిమీద వరుసగా స్కూటర్లు, మోటారు సైకిళ్లు. వాటి ప్రక్కన రోడ్డుమీద ఒక వరుస కార్లు. ఆ కార్లకు ఇవతల, బస్సులు పోయేచోట మేము నడిచినాము. చూపు సరిగా ఆనని ఆవిడ నా మోచేయి విడువలేదు. వచ్చేటప్పుడు ఆటోలో వచ్చినాము. రెండువందల గజాలకు ఆటో ఎక్కవలసి వచ్చినందుకు ఆవిడ ఇంటికి చేరేవరకు నొచ్చుకొంటూనే ఉన్నది.

రుసుము పెట్టుటకు వర్తకులు అడ్డు చెప్పుట అన్నిచోట్లా ఉన్నదే. లాస్ ఏంజలిస్ సమీపంలోని పాసడీనాలో పాతబజారు శిథిలమై పడి ఉండేది. మీటర్లు పెడితే ఉన్న బేరం కూడా పోతుందని అక్కడి దుకాణదారులు వాదించినారు. చివరకు, వచ్చిన సొమ్ములో చిల్లిగవ్వ కూడా బయటికి పోదు, ఈ బజారు కాలిబాటలకు, దీపాలకు, చెట్లకు, పారిశుద్ధ్యానికే వెచ్చిస్తాము అని నగరం మాట ఇచ్చిన పిదప ఒప్పుకొన్నారు. 1993లో మీటర్లు వచ్చినవి. మాట నిలిచినది, బజారు కోలుకొన్నది. రుసుము పెద్ద ఖజానాలో కలిసిపోతే అది పన్ను వలె కనబడుతుంది. తన వీధిలో రాయిగా, దీపంగా కనబడితే దానికి కావలి కాసేది ఆ వీధివారే.

ఈ మధ్య కాలంలో నిర్బంధ పార్కింగు నిబంధనను పుట్టించిన దేశమే దానిని తొలగించుకొంటున్నది. న్యూయార్కు రాష్ట్రంలోని బఫెలో నగరం 2017లో నగరమంతటా రద్దు చేసినది. మెక్సికో నగరం అదే ఏడాది కనీస పరిమితిని తీసివేసి గరిష్ఠ పరిమితి పెట్టినది. అంతకుముందు 2004లో లండను ఈ పని చేసినది. న్యూజిలాండు 2020లో పట్టణాలన్నిటికీ వర్తించేట్లు ఆజ్ఞాపించినది. కాలిఫోర్నియా 2022లో రైల్వే స్టేషన్లకు, ముఖ్యమైన బస్సు మార్గాలకు అరమైలు లోపల కట్టే భవనాలకు నిబంధన ఎత్తివేసినది. రద్దు అంటే పార్కింగు కట్టరాదని కాదు. ఎంత కట్టవలెనో కట్టేవాడే ఎంచుకొంటాడని మాత్రమే. బఫెలోలో ఆ తరువాత లేచిన పెద్ద కట్టడాలను పరిశీలిస్తే వాటిలో దాదాపు సగం పాత నిబంధన కోరిన దానికంటె తక్కువ చోటుతో సరిపెట్టుకొన్నవి. తక్కిన సగం యథాపూర్వంగానో, అంతకు మించో కట్టుకొన్నవి.